పలాత్సో గడప

మొన్న శుక్రవారం పొద్దున మా మనవరాలు వీడియో కాల్ చేసింది. కొత్త బట్టలు కొనుక్కుందట, అవి తాతకు చూపించాలట. ఫోను గోడకు ఆనించి, నాలుగడుగులు వెనక్కి వెళ్ళి, ఒక్కో కాలు పరికిణీ అంత వెడల్పున్న పైజామాతో గిర్రున తిరిగింది. ఇందులో ఇద్దరు దూరవచ్చు కదే తల్లీ, ఇంకో కాలు ఎవరికి అద్దెకిస్తావు అని నేను వేళాకోళం చేస్తే మూతి ముడిచి, "ఇది పైజామా కాదు తాతా, పలాజో అంటరు. నీకేమెరుక?" అంది.

నాకేమెరుకంటే ఏం చెప్పను. ఆ మాటకు అర్థం ఒక ఇటలీ దేశపు మనిషి సిమెంటు సంచి కాగితం మీద పెన్సిలుతో బొమ్మ గీసి మరీ నాకు చెప్పాడనీ, ఆ పేరు పెట్టి కట్టిన ఇంటికి గడప రాయి వేసింది ఈ చేతులేననీ, దాని పుణ్యమా అని జైలు గుమ్మం దాకా వెళ్ళి వచ్చినంత పనైందనీ, ఇప్పుడు నేను కూర్చుని మాట్లాడుతున్నది కూడా ఆ గడప మీదేననీ చెప్పడానికి ఫోనులో ఉన్న ఛార్జింగు చాలదు. అందుకని నవ్వి ఊరుకున్నాను. అది మాత్రం కాల్ పెట్టేసే ముందు నా వెనకాల తలుపు చూసి, "కడప మీద కూసున్నవా? అమ్మమ్మ చూస్తె తిడతది" అంది. మా వైపు గడపను కడప అనే అంటారు. దాని మీద కూర్చోకూడదని నా ఈడు వాళ్ళకు వేరే చెప్పనక్కరలేదు, ఆ పాఠం మనమందరం మొట్టికాయలతో నేర్చుకున్నదే. ఇక్కడ నన్ను తిట్టే మనిషి లేదు గనుక కూర్చుంటున్నాను.

నేనుండేది సౌదీలో హఫర్ అల్ బాతిన్ అనే ఊళ్ళో, ఆ ఊరికీ ఒక చివర. నలభై రెండు గదుల ఇల్లు, అందులో ఉన్నది నేనొక్కణ్ణి. మా కఫీల్, అంటే నా వీసాకు పూచీగా ఉన్న ఈ ఇంటి యజమాని, రియాద్‌లో ఉన్న చిన్న కొడుకు దగ్గరికి వెళ్ళిపోయి ఆరేళ్ళయింది. అప్పటినుంచి నాకు కాపలా పని. పొద్దున్నే తాళాల గుత్తి పట్టుకుని బయలుదేరి ప్రతి గదీ తీసి, కొళాయిలు బిగుసుకుపోకుండా ఒకసారి తిప్పి, దుమ్ముగాలి వీచిన రోజైతే కిటికీల సందుల్లో చేరిన ఇసుక ఊడ్చి, సోఫాల మీద తెల్ల దుప్పట్లు సరిచేసి వస్తాను. అతిథుల కోసం కట్టిన మజ్లిస్‌లో నూరు మంది కూర్చోవచ్చు, ఆ నూరు మంది చోట్లూ రోజూ దులుపుతాను. గదుల్ని పైకే లెక్కపెట్టుకుంటూ నడుస్తాను, ఒకటి, రెండు, మూడు అని తెలుగులో. లెక్క తప్పుతుందని కాదు, అలా అనకపోతే సాయంత్రానికి నా గొంతు నాకే కొత్తగా వినిపిస్తుంది. ఒంటరితనం అంటే ఏమిటని ఎవరైనా అడిగితే, మనిషి లేని ఇంట్లో నీళ్ళు తిప్పితే ఖాళీ గొట్టంలోంచి ముందు గాలి వచ్చే చప్పుడు అంటాను.

మాది జగిత్యాల వైపు. సుతారి పని మా ఇంటి పని. కోస్తా వాళ్ళు తాపీ పని అంటారు, మేం సుతారి అంటాం. మా తాత మా ఊరి దొర గడికి, ఆ కోటలాంటి ఇంటికి, రాళ్ళెత్తాడు, కూలి లేని వెట్టి. ఆ గడి ముందునుంచి పోవాలంటే ఊళ్ళో మాలాంటి వాళ్ళు చెప్పులు చేత పట్టుకుని నడిచేవాళ్ళట. మా నాయన కాలానికి దొరలు పోయి, గడిలో గబ్బిలాలు చేరాయి. మా నాయన మాత్రం చుట్టుపక్కల ఊళ్ళలో చిన్నిళ్ళే కట్టాడు, పెద్ద ఇల్లు కట్టిన పేరు రాలేదు గాని గడప వేయాలంటే ఆయన్నే పిలిచేవాళ్ళు. పసుపు, నవధాన్యాలు, ఒక నిజాం రోజుల నాటి హాలీ పైసా చిన్న గుడ్డలో మూట కట్టి, కడప రాయి కింద పెట్టి, ఆ పైన రాయి దించేవాడు. ఆ రాగి పైసాల చిన్న సంచి ఒకటి ఆయన నడుముకు ఉండేది. నా పెళ్ళయిన ఏడు ఆయన పోయాడు. పోయేముందు ఆ సంచి నా చేతిలో పెట్టి ఒక మాట చెప్పాడు: "కడప కింద ఇంత పసుపు, ఓ పైస ఎయ్యకుంటె ఇల్లు నిలుస్తది గని, మనుషులు నిలువరు బిడ్డా."

ఈ దేశం వచ్చేనాటికి ఆ సంచిలో ఒకటే పైసా మిగిలింది. అమ్మాయి చంకలో ఉన్న వయసులో వచ్చాను. ఇంటికి ఒకరు చొప్పున మా ఊరంతా గల్ఫు దారి పట్టిన రోజులవి. దిగిన వారానికే నన్ను ఈ ఇల్లు కట్టే చోటికి తెచ్చారు. అప్పటికి గోడలు లేచి, నేలకూ మెట్లకూ మార్బుల్ పరిచే పని మొదలవుతోంది. కఫీల్ నడివయసు మనిషి, సంచార జీవులైన బదూల కొడుకు. వాళ్ళమ్మ గుడారంలో పుట్టింది, ఇంత ఇల్లు లేస్తున్నా పెరట్లో మేకవెంట్రుకల గుడారం వేయించుకుని పగలంతా అందులోనే కూర్చునేది. పనివాళ్ళ పేర్లకు ఆయన నోరు తిరిగేది కాదు, అందరినీ ఊరి పేరుతో పిలిచేవాడు. జగిత్యాల అంటే ఇక్కడ ఎవరికీ తెలియదు గనుక నేను అడిగినవాళ్ళందరికీ హైదరాబాద్ అని చెప్పేవాణ్ణి. అలా ఆయనకు నేను హైదరాబాదీ అయ్యాను.

రాళ్ళతోపాటు ఇటలీనుంచి ఒక మనిషి కూడా వచ్చాడు. యాభై ఏళ్ళుంటాయి. పొట్టిగా, మెడ కాలిపోయి ఎర్రగా, చెవి మీద ఎప్పుడూ ఒక పెన్సిలుతో ఉండేవాడు. రాయిని వేలి కణుపుతో తట్టి చెవి ఒగ్గి వినేవాడు, అచ్చం మా నాయన లాగే. ఇంజనీర్లు కుర్చీలో కూర్చుని చెప్పే దేశంలో ఈయన మోకాళ్ళ మీద కూర్చుని రసమట్టం పెట్టి చూసేవాడు. ఆయన తాత కూడా రాళ్ళ పనివాడేనట. ఆయనకు ఇంగ్లీషు అంతంతమాత్రం, అరబ్బీ వచ్చీరానట్టు, నాకు రెండూ అంతకన్నా తక్కువ. అయినా రాయి గురించి మాట్లాడటానికి మాకెప్పుడూ మాట తక్కువ కాలేదు.

ఆయన తెచ్చిన నీలం గీతల ప్లాన్లన్నిటి మీదా పైన ఒకే మాట రాసి ఉండేది. ఒక మధ్యాహ్నం తిండి వేళ, నేనూ నాతో పని చేసే బంగ్లాదేశీ అతనూ నీడకు కూర్చుని ఉంటే, ఆయన కూడా తన రొట్టె పట్టుకుని వచ్చి మా పక్కన కూర్చున్నాడు. ఈ మాటేమిటని నేను ప్లాను మీద వేలు పెట్టి అడిగాను. పలాత్సో అన్నాడు. మనవరాలు అంటున్న పలాజోను వాళ్ళ దేశంలో అలా పలుకుతారు. పెద్ద భవనం, రాజుగారి ఇల్లు అని చేతులు చాపి చూపించి, అంతటితో ఆగక సిమెంటు సంచి చింపి, దాని మీద ఒక గుట్ట బొమ్మ గీశాడు.

ఆయన చెప్పింది నేను అర్థం చేసుకున్నంతలో చెబుతాను. రోము నగరంలో ఏడు గుట్టలున్నాయట. వాటిలో ఒక గుట్ట పేరు పలాతియం. ఎప్పుడో ఆ దేశాన్నేలిన చక్రవర్తులు ఆ గుట్ట మీద ఇల్లు కట్టుకున్నారు. తరువాత వచ్చినవాళ్ళూ అక్కడే, ఒకరిని మించి ఒకరు. చివరికి గుట్టంతా ఇల్లయిపోయి, గుట్ట పేరే ఇంటి పేరైంది. ఆ పైన గుట్ట లేని చోట కట్టిన రాజుల ఇళ్ళకూ అదే పేరు, రాజులు పోయాక షావుకార్ల మేడలకూ అదే పేరు. మరి ఆ గుట్టకు ఆ పేరు ఎలా వచ్చిందంటే గట్టిగా ఎవరూ చెప్పలేరనీ, చక్రవర్తులకు ముందు అక్కడ గొర్రెలు కాచేవాళ్ళ గుడిసెలు ఉండేవనీ, వాళ్ళు మొక్కుకునే దేవత పేరునుంచి వచ్చిందని కొందరూ, దొడ్డి చుట్టూ పాతిన కట్టెలనుంచి వచ్చిందని కొందరూ అంటారనీ చెప్పాడు. మన కురుమలకు బీరప్ప ఉన్నట్టు వాళ్ళకూ ఒక గొర్లదేవత అన్నమాట అనుకుని నేను చాలా సంతోషించాను. ఇంత పెద్ద మాట వెతుక్కుంటూ పోతే చివరికి గొర్రెల దొడ్డి దగ్గర తేలింది.

ఇంకో సంగతి చెప్పి ఆయన తనే నవ్వాడు. ఇప్పుడు వాళ్ళ దేశంలో ఆ మాట విలువ దిగిపోయిందట. నాలుగైదు అంతస్తుల్లో సామాన్యులు అద్దెకుండే వాటాల ఇంటినీ పలాత్సో అనే అంటారట. ఆయన పుట్టింది కూడా పలాత్సోలోనే, నాలుగో అంతస్తులో, రెండు గదుల్లో, నీళ్ళు మోసుకుంటూ. అది విని మా బంగ్లాదేశీ ఊరుకుంటాడా, మీరందరూ బంగ్లా బంగ్లా అని గొప్పగా అంటారే, అది మా దేశం పేరు, మా వాళ్ళ వంగిన గడ్డికప్పు గుడిసెను చూసి తెల్లదొరలు అలాంటి ఇల్లు కట్టుకుని ఆ పేరు పెట్టుకున్నారు అని హిందీలో గొప్పగా చెప్పాడు. నేను మా దొరల గడి సంగతి చెప్పాను. అదే కోట అనీ, దాని పేరు వెనక గుట్టా లేదు గుడిసే లేదు, భయమే ఉందనీ చెప్పాను. ముగ్గురం ఎండిన రొట్టెలు తింటూ, ముగ్గురి దేశాల పెద్ద ఇళ్ళనూ ఆ కాగితం మీద పెట్టుకుని కూర్చున్నాం. ఈ దేశంలో గడిపిన ఇన్నేళ్ళలో నేను ఒంటరిని కాని మధ్యాహ్నాలు లెక్కపెడితే అది ముందు వరసలో ఉంటుంది.

పని ముగింపుకు వచ్చాక ముందు తలుపు గడప రాయి వేసే రోజు వచ్చింది. ఆరడుగుల తెల్ల రాయి, పాల మీగడ లాంటిది, ఒక్క గీత లేదు. దాన్ని నాకు అప్పగించాడు ఇటలీ ఆయన. గడప అనేసరికి నా చేతికి వేరే ఆలోచన రాలేదు. పొద్దున గదిలోంచి బయలుదేరేటప్పుడే వంట పసుపు, పప్పుల డబ్బాల్లోంచి దొరికినన్ని గింజలు, సంచిలోని ఆఖరి హాలీ పైసా గుడ్డలో కట్టి జేబులో వేసుకున్నాను. ఎవరింటికి వేస్తున్నాను, వాళ్ళ నమ్మకం ఏమిటి అనే ధ్యాసే లేదు. ఇల్లు ఎవరిదైతేనేం, మనుషులు నిలవాలి కదా. ఎవరూ చూడకుండా తెల్ల సిమెంటు మధ్యలో చిన్న గుంట చేసి మూట పెట్టి, రాయి దించి, రబ్బరు సుత్తితో తట్టి మట్టం చూసి లేచాను. ఆ రోజు మా నాయన పక్కనే ఉన్నట్టనిపించింది.

అయిదు రోజులకు రాయి నడిమధ్యన ఒక మచ్చ తేలింది. మొదట లేత గోధుమ రంగు, మరునాటికి ఎరుపు. పసుపులో సున్నం కలిపితే పారాణి అవుతుందని మన ఇళ్ళలో ఆడపిల్లలకు కూడా తెలుసు. సిమెంటులో సున్నముంటుంది, తెల్లరాయి దూదిలా తడి పీలుస్తుంది. ఈ రెండూ తెలిసిన సుతారి నేను. తెలిసి తెలిసి ఆ పని చేశాను. ఇటలీ వాళ్ళు చేయరు, పాకిస్తానీలు చేయరు, ఆ తప్పు చేయాలంటే మా నాయన కొడుకే కావాలి. తలుపు ముందు తెల్లరాతిలో అరచేయంత ఎర్రమచ్చ, చూసినవాళ్ళకు నెత్తురే గుర్తొస్తుంది. కఫీల్ వచ్చి చూసి, వంగి వేలితో రుద్ది, రాయి కింద ఏదో ఉంది, రేపు నా ముందర ఎత్తండి అని వెళ్ళిపోయాడు.

అప్పటికి గాని నాకు సంగతి తలకెక్కలేదు. చేతబడి, మంత్రం ఈ దేశంలో ఎంత పెద్ద నేరమో వచ్చిన కొత్తలోనే పాతవాళ్ళు చెప్పి భయపెట్టారు. తాయెత్తు కట్టుకున్నా విప్పేయమనేవాళ్ళు. గుడ్డలో కట్టిన గింజలు, ఎర్రబడిన పసుపు, పైసా, అదీ ఇంటి యజమాని రోజూ దాటే గడప కింద. నా తరఫున ఏం చెప్పుకోను, ఏ భాషలో చెప్పుకోను. అమ్మాయి నడక నేర్చిందని అంతకుముందు నెలే ఉత్తరం వచ్చింది. ఇక దాని నడక చూడను అనుకున్నాను. సాయంత్రపు అస్ర్ నమాజు తరువాత పని ఆగగానే ఇటలీ ఆయన దగ్గరికి పోయి, ఉన్న నాలుగు మాటలతో, చేతులతో, మొత్తం చెప్పేశాను. ఆయన చెవి మీది పెన్సిలు తీసి వేళ్ళ మధ్య తిప్పాడు. తిట్టలేదు. ఏం చేస్తానో కూడా చెప్పలేదు, పోయి తిని పడుకో అని సైగ చేశాడంతే.

మరునాడు పొద్దున కఫీల్ నిలబడి ఉండగా గడ్డపార పెట్టి నా రాయిని నేనే ఎత్తాను. మూట అక్కడే ఉంది, తడిసి, ఎర్రగా. అప్పుడు ఇటలీ ఆయన ముందుకు వచ్చి దాన్ని తీసి అరచేతిలో పెట్టుకుని, "హాదా హగ్గీ" అన్నాడు. ఇది నాది అని అర్థం. మా దేశంలో పలాత్సో కట్టేటప్పుడు గడప కింద నాణెం పెడతారు, రాళ్ళ పనివాళ్ళ అలవాటు, మీకు నచ్చదని తెలియక చేశాను అని తన అరబ్బీలో చెప్పుకొచ్చాడు.

కఫీల్ మూట విప్పి, గింజలు పక్కన పారబోయించి, పైసాను తీసుకున్నాడు. బొటనవేలితో పసుపు తుడిచి దాన్ని అటూ ఇటూ తిప్పి చాలాసేపు చూశాడు. ఆ పైన తలెత్తి ఇటలీ ఆయన్ను కాదు, నన్ను చూశాడు. "హైదరాబాదీ, ఇంత మాలూమ్?" అన్నాడు. ఇది నీకు తెలుసా అని.

"మాఫీ మాలూమ్" అన్నాను. తెలియదు. ఈ దేశం వచ్చినవాడు మొదట నేర్చుకునే రెండు మాటలు అవే, వాటితోనే ఎన్నో గండాలు దాటుతాం. కాని ఆ పొద్దున ఆ మాట అన్నప్పుడు మా నాయన ఎవరో తెలియదన్నట్టే అనిపించింది. కఫీల్ ఇంకేమీ అడగకుండా పైసాను ఇటలీ ఆయన చేతిలో పెట్టి, కింద ఏమీ లేకుండా కొత్త రాయి వేయమన్నాడు. వేశాను. ఖాళీ సిమెంటు మీద రాయి దించుతుంటే ఆయన చివరిదాకా నిలబడి చూశాడు.

తనది అని చెప్పుకున్నాక ఇటలీ ఆయన ఆ పైసా నాకు బాహాటంగా ఇవ్వలేడు. దేశం వెళ్ళే ముందు చాటుగా ఇవ్వబోతే తీసుకునే ధైర్యం నాకు లేకపోయింది. వాళ్ళ ఊళ్ళో తాతల నాటి చిన్న ఇల్లు బాగుచేయిస్తున్నాననీ, దాని గడప కింద పెడతాననీ చెప్పి జేబులో వేసుకున్నాడు. ఆ మనిషిని మళ్ళీ చూడలేదు. ఏ ఊరో కూడా అడిగి ఉంచుకోలేదు, అడగాలని తోచే వయసు కాదు.

నాకు మాత్రం ఒక ఆలోచన మిగిలిపోయింది. అదే పైసా, అదే పసుపు, తెల్లవాడి చేతిలో ఉంటే ఆచారమైంది, నా చేతిలో ఉంటే చేతబడి అయ్యేది. ఈ కోపం లోపల పెట్టుకునే ఇరవై ఎనిమిదేళ్ళు ఆ కఫీల్ దగ్గరే పని చేశాను. ఇల్లు పూర్తయ్యాక మిగతావాళ్ళందరినీ పంపించి, మరమ్మతులకని నన్నొక్కణ్ణి అట్టే పెట్టుకున్నాడు. ఎందుకో అప్పుడు నేను ఆలోచించలేదు. రెండేళ్ళకొకసారి సెలవు మీద వెళ్ళేవాణ్ణి. అలా వెళ్ళిన ఒక సెలవులో మా ఊళ్ళో మా ఇల్లు కట్టాను. రెండంతస్తులే గాని ఊళ్ళో అందరూ సౌదీ బంగ్లా అంటారు. దానికీ గడప నేనే వేశాను. హాలీ పైసాలు అయిపోయాయి, రాగి బిళ్ళ దొరకలేదు, చివరికి కరెంటు వైరు ఒలిచి రాగి తీగ ముక్క చుట్ట చుట్టి పసుపుతో పెట్టాను. నాయన చూస్తే నవ్వేవాడేమో.

ఈ ఇంటి సంగతి చెప్పాలంటే, ముందు కఫీల్ తల్లి పోయింది, ఆఖరి రోజు కూడా గుడారంలోనే. తరువాత కూతుళ్ళు పెళ్ళిళ్ళై వెళ్ళారు, కొడుకులు ధహ్రాన్‌లో, రియాద్‌లో ఉద్యోగాలన్నారు. పండగకు వచ్చేవాళ్ళు, తరువాత పండగలకూ రావటం మానేశారు. చివరికి పెద్దాయనకు, అంటే మా కఫీల్‌కు, కాళ్ళు పడిపోతే చిన్న కొడుకు తనతో తీసుకుపోయాడు. ఒక్కొక్క గదికి నేను తాళం వేస్తున్నప్పుడల్లా మా నాయన మాట చెవిలో వినిపించి భయం వేసేది, నేను ఖాళీ రాయి వేసినందుకే ఇలా జరుగుతోందని. ఇది పిచ్చి అని తెలుసు. అయినా ఒంటరిగా ఉన్న మనిషికి పిచ్చి ఆలోచనలే తోడు.

పోయిన నెలలో చిన్న కొడుకు పెద్దాయన్ను చక్రాల కుర్చీలో కూర్చోబెట్టుకుని తీసుకొచ్చాడు. ఇల్లు అమ్మేశారట. కొన్నవాళ్ళు దీన్ని పడగొట్టి వాటాల ఇళ్ళు కడతారట. నాకు ఫైనల్ ఎగ్జిట్, అంటే ఇక తిరిగి రానక్కరలేకుండా వెళ్ళే చీటీ, వేయిస్తానని చెప్పి, కొన్నవాళ్ళ మనుషులతో లోపలికి వెళ్ళాడు. కుర్చీ చిన్న చక్రం గడప దగ్గర ఆగింది. ఎత్తబోతే పెద్దాయన వద్దని చెయ్యి ఊపాడు. తలుపు దగ్గర ఇద్దరమే ఉన్నాం. ఇక వెళ్ళిపోయేవాణ్ణి, ఆయనా ఎన్నాళ్ళుంటాడో. ఆ రాయి వైపు చూపించి, ఇటలీ ఆయన అన్న మాటే నేనూ అన్నాను, ఇన్నేళ్ళు ఆలస్యంగా. "బాబా, హాదా హగ్గీ."

ఆయన కళ్ళు పైకెత్తకుండానే అన్నాడు. "అనా మాలూమ్."

నాకు తెలుసు అని. ఎట్లా అని నేను అడగకముందే, చేతితో గాలిలో పైసా తిప్పినట్టు చేసి చెప్పాడు. దాని మీద అరిగిపోయిన అక్షరాలున్నాయట, వాళ్ళ లిపే. అన్నీ చదవలేకపోయాడట గాని ఒక్క మాట మాత్రం పసుపు తుడవగానే చక్కగా కనిపించిందట, హైదరాబాద్ అని. ఇటలీ వాడి పైసా మీద నీ ఊరి పేరు ఎలా ఉంటుంది అన్నాడు. పుట్టి బుద్ధెరిగినప్పటినుంచి ఆ పైసాల మధ్య పెరిగినవాణ్ణి నేను, ఆ లిపి రానందున దాని మీద ఏముందో నాకే తెలియదు. ఆయనే మళ్ళీ అందుకుని, నిన్ను అడిగాను, నువ్వు తెలియదన్నావు, భయపడ్డ మనిషిని ఇంకా అడిగితే మాట నా గడప దాటి పోలీసుల దాకా పోతుంది, అందుకని ఊరుకున్నాను అన్నాడు. అంటే ఆ రోజు నన్ను కాచింది ఒక్క ఇటలీ ఆయన కాదు. నేను ఏ మనిషి మీద కోపం పెట్టుకుని బతికానో, ఆ మనిషి నా గుట్టు కడుపులో పెట్టుకుని నా పక్కనే బతికాడు. ఇద్దరం రోజూ సలాం చెప్పుకుంటూ, ఈ ఒక్క మాట మాట్లాడుకోకుండా ముసలివాళ్ళమైపోయాం.

అది దేనికి పెట్టావు అని అప్పుడు అడిగాడు. నా అరబ్బీలో, అది పెట్టకపోతే ఇల్లు ఉంటుంది, మనుషులు ఉండరు అని చెప్పాను. ఆయన మజ్లిస్ వైపు, తెల్ల దుప్పట్ల వైపు చూశాడు. నాకు ఆ మాట చెప్పకుండా ఉండవలసిందని అనిపించింది. ఆయన నా చెయ్యి పట్టుకుని, "ఇంత మౌజూద్" అన్నాడు. నువ్వు ఉన్నావుగా అని.

మనవరాలికి ఈ కథ ఎప్పుడైనా చెప్పాలి. రాజుల గుట్ట పేరు మేడకు వచ్చి, మేడ పేరు వాటాల ఇంటికి వచ్చి, చివరికి పైజామాకు వచ్చింది. పెద్ద మాటలు అట్లా దిగుతూ దిగుతూ మన పిల్లల దాకా వస్తే మంచిదే, గడి కూడా ఏదో ఒకనాడు ఆడపిల్లలు నవ్వుకుంటూ కొనుక్కునే బట్ట పేరైతే మా తాత ఆత్మ శాంతిస్తుంది. కాని నాకు దిగులు కలిగించేది వేరే ఉంది. మా అమ్మాయి హైదరాబాదులో కొత్తగా తీసుకున్న ఫ్లాట్ వీడియోలో చూశాను. బయటి వరండానుంచి లోపలి హాలు దాకా నేల ఒకే మట్టం, గడపే లేదు. కాళ్ళకు తగులుతుందని ఇప్పుడెవరూ పెట్టించుకోవటం లేదట, ఎక్కడ లోపలికి వచ్చామో ఎక్కడ బయటికి పోయామో తెలియకుండా ఉంటుంది. ఇక సుతారి నడుముకు పైసాల సంచి దేనికి. పడగొట్టేవాళ్ళు వచ్చే నెల వస్తారు, ఈలోగా నా ఎగ్జిట్ వస్తుంది. మా నాయన ఆఖరి పైసా ఇటలీలో ఏ గడప కింద ఏ మనుషుల్ని నిలుపుతోందో తెలియదు. ఊళ్ళో సౌదీ బంగ్లాలో మా ఆవిడ నిలిచింది, అమ్మాయి పెరిగింది, మనవరాలు తప్పటడుగులు వేసింది, దాన్ని కట్టినవాడు మాత్రం అన్నేళ్ళలో కలిపి రెండేళ్ళైనా ఉండలేదు. ఈసారి సెలవు చీటీ లేకుండా ఆ గడప దాటుతాను, ఆ రాగి తీగ ముక్కకు నన్ను నిలిపే బలం ఉందో లేదో చూడాలి.